తోమిన నాణేలు

భర్త పోగుచేసిన పాత నాణేల పెట్టెను ఆమె తెచ్చి ముందుగదిలో బల్ల మీద బోర్లించింది.

మర్నాడు వాటికి వెల కట్టించాలి. ఇంట్లో ఉంటే దొంగల భయమని ఆడపడుచు పోరుపెట్టడంతో అమ్మేయడానికి ఒప్పుకుంది. పాత నాణేల నిపుణుడు ఉదయమే తెమ్మన్నాడు.

పరాయివాళ్ల ముందు పెట్టేవి కాస్త శుభ్రంగా ఉండాలి కదా అనుకుంది. నిమ్మచెక్క, సోడాపొడి, పాత టూత్‌బ్రష్ ముందేసుకుని కూర్చుంది.

భర్త పోయి నెల దాటింది. ఆమెకు ఇంతవరకూ ఏడుపు రాలేదు. పలకరించడానికి వచ్చినవాళ్లు ఏడుస్తుంటే వాళ్లకే మంచినీళ్లిచ్చింది.

బజారుకని వెళ్లిన మనిషి రోడ్డు మీద కుప్పకూలాడు. ఎవరో టాక్సీ ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లారట. ఆమె వెళ్లేసరికి అంతా అయిపోయింది.

డాక్టరునీ, నర్సునీ, గేటు దగ్గర కాపలావాడినీ ఆమె అడిగింది ఒక్కటే, ఆయన ఆఖరికి ఏమైనా అన్నారా అని. ఎవరూ ఏమీ వినలేదు.

పొద్దస్తమానం వాగే మనిషి ఒక్క మాటా అనకుండా ఎలా పోతాడు? ఆ మాట తెలిస్తే తనకూ ఏడుపొస్తుందేమో అనుకునేది.

రుద్దేకొద్దీ నల్లటి నాణేలు తళతళలాడాయి. ఇంట్లో గిన్నె మెరవకపోతే ఆమెకు నిద్ర పట్టదు. ఈ పెట్టెను మాత్రం ఆయన ఆమె చేతికి అందనిచ్చేవాడు కాదు. ఎప్పుడో ఒకరోజు తనను కూడా తోమి ఆరబెడతావని ఏడిపించేవాడు.

తలుపు చప్పుడైంది.

ఎవరో పెద్దాయన. ఆమె తడి చేతులు చూశాడు. బల్ల మీది నాణేలు చూశాడు.

"నాణేలు కడగొద్దమ్మా" అన్నాడు.

ఆమెకు విసుగేసింది. భర్త పోయాడని తెలిసిన దగ్గర్నుంచీ బ్రోకర్లు ఈగల్లా ముసురుతున్నారు. అందరూ ఆయనకు ప్రాణస్నేహితులమనే చెప్పారు.

"మా ఆయన మీకు బాగా తెలుసా?"

"బాగా అంటే... ఒక్కసారే కలిశామమ్మా. అది చెబుదామనే..."

అబద్ధం కూడా సరిగ్గా ఆడలేని బ్రోకరు అనుకుంది. తనకు ఎవరి సలహాలూ అక్కర్లేదని చెప్పి తలుపు వేసేసింది. అతను కాసేపు మెట్ల మీదే నిలబడి వెళ్లిపోయాడు.

మిగిలినవి కూడా తోమింది.

మర్నాడు నిపుణుడు భూతద్దంతో ఒక నాణెం చూశాడు. రెండోది చూశాడు. భూతద్దం పక్కన పెట్టేశాడు.

పాత నాణేనికి ఆ నలుపే విలువట. తోమిన గీతలు ఇక పోవట. ఇప్పుడివి ఉత్త లోహం ధరకే పోతాయని నెమ్మదిగా చెప్పాడు.

ఆమెకు బాధేమీ అనిపించలేదు. సరేనని పెట్టె మూసింది.

"నిన్న ఒక పెద్దాయన మీ ఇంటికి రాలేదామ్మా?" అని అడిగాడు నిపుణుడు.

"వచ్చాడు. బ్రోకరనుకుని పంపేశాను. మీ మనిషా?"

"కాదు. ఆయనకు నాణేల గురించి ఏమీ తెలియదు. ఆసుపత్రివాళ్లు మీ చిరునామా ఇవ్వలేదట. ఊళ్లో నాణేల దుకాణాలన్నీ తిరిగి, చివరికి నా దగ్గర కనుక్కున్నాడు. ఎక్కడుంటాడో నేనూ అడగలేదు."

ఆమె చేయి పెట్టె మీదే ఆగిపోయింది.

"మీవారు టాక్సీలో ఆ పెద్దాయన ఒళ్లోనే పోయారటమ్మా, పోయే ముందు, 'నాణేలు కడగొద్దని మా ఆవిడకు చెప్పండి' అన్నారట."