ఐదుకి ఐదు

“మనసు ప్రశాంతంగా ఉంటోందా పిన్నీ? ఒకటంటే అస్సలు లేదని, ఐదంటే చాలా ఉందని.”

“ఐదు,” అంది గౌరీదేవి, బి షిఫ్టుకి బూట్లు తొడుక్కుంటున్న మొగుడి వైపు చూసి.

“అన్నీ ఐదే ఏసెయ్యమ్మా. ఈవిడికేటి లోటు?” అన్నాడు సీతారామరావు.

తనూజ అన్నిటికీ గబగబా ఐదే రాసుకుంది. తన కాలేజీ ప్రాజెక్టులోని ఈ ప్రశ్నలు నమ్మదగినవని తేలాలంటే పదిహేను రోజుల కిందటి జవాబులే మళ్లీ రావాలి. రేపే మేడమ్‌కి చూపించాలి. ఇరవైకి ఇరవై కలిశాయి.

“హో గయా, అయిపోయింది పిన్నీ!” అంటూ లేచింది.

డ్యూటీకి బయల్దేరిన సీతారామరావు స్కూటర్ భాలుబాసా బస్తీలో వాళ్ల సందు మలుపు తిరిగింది. గౌరీదేవి తనూజ సంచి పట్టుకుని ఆపింది.

“పోయినసారీ ఆయన ఇక్కడే కూకున్నారు కదేటి. ఇప్పుడడుగు, మొదట్నుంచి.”

తనూజ నిండిన కాగితాన్ని చూసింది. మడిచేసి, ఖాళీది తీసింది.

“మనసు ప్రశాంతంగా ఉంటోందా పిన్నీ?”

“ఒకటికంటే కింద ఇంకేటీ లేదేటమ్మా?”