వెంకటనారాయణ ఈజ్ మై హస్బెండ్

"ఆ పేరు ఇక వదిలెయ్యమ్మా మాధురీ!" అంటూ ఇమ్మానియేలు మాస్టారు చేతిలో చాక్‌పీసు బల్ల మీద విసిరికొట్టాడు.

మాధురి కదల్లేదు. చేతులు కట్టుకుని నిలబడి మళ్ళీ మొదటి నుంచీ అందుకుంది.

"వెంకటనారాయణ ఈజ్ మై హస్బెండ్. వెంకటనారాయణ ఈజ్ ఎ ఫార్మర్. వెంకటనారాయణ గ్రోస్ చిల్లీ అండ్ కాటన్. వెంకటనారాయణ..."

"అయ్యో ప్రభువా!" మాస్టారు నెత్తి పట్టుకున్నాడు.

దర్శి బస్టాండు ఎదురుగా, ఎస్టీడీ బూతు పైనున్న గదిలో ఆయన స్పోకెన్ ఇంగ్లీషు చెప్తాడు. ఆ సాయంత్రం ఇద్దరే ఉన్నారు, మాధురి, కోటిరత్నం. తెల్లారితే ఇద్దరికీ గుంటూరు బ్రాడీపేటలో ఒక కాన్వెంటు వాళ్ళ ఇంటర్వ్యూ. ఆడపిల్లల హాస్టలుకి వార్డెన్లు కావాలట. ఉండటానికి గది, తిండి, వెంట తెచ్చుకున్న పిల్లకి చదువు, అన్నీ వాళ్ళే చూస్తారు. కాకపోతే మీ కుటుంబం గురించి చెప్పమని ఇంగ్లీషులో అడుగుతారు. తడుముకోకుండా చెప్పాలి.

"ఇటు చూడమ్మా. పేరు ఒక్కసారి చెప్తే చాలు. ఆ తర్వాత 'హీ' అనాలి. 'హీ' అనగానే వినేవాళ్ళే వెనక్కి చూసుకుని, ఆఁ, వెంకటనారాయణే అని తెలుసుకుంటారు. మాట మాటకీ పేరు చెప్తా ఉంటే బళ్ళో హాజరు పిలిచినట్టుంటది."

కోటిరత్నం పగలబడి నవ్వింది. "దానికి మొగుడంటే అంత మురిపెం సార్! పెళ్ళై ఇన్నేళ్ళైనా కొత్త పెళ్ళికూతురే ఇది."

"నువ్వు నవ్వబాకు. నీది ఇంకా ఘోరం. ఏదీ, చెప్పు."

కోటిరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "హీ ఈజ్ ఎ ఫార్మర్. హీ..."

"ఎవరు?"

"ఆయనే సార్."

"ఆయనంటే?"

"మా పెద్దోడి నాన్న."

"ఆయనకో పేరుంటది గదా తల్లీ!"

"ఎందుకుండదు సార్! మీరే చెప్పండి, నేను తలూపుతా."

మాస్టారికి నవ్వాగలేదు. "ఒకామె పేరు పలకదు, ఒకామె పేరు వదలదు. మీ ఇద్దర్నీ కలిపి రుబ్బితే ఒక వార్డెనమ్మ తయారయ్యేది."

కింద మిరపకాయ బస్తాల లారీ ఏదో పోయినట్టుంది, ఘాటు గదిలోకి వచ్చి ముగ్గురికీ దగ్గు అందుకుంది. బస్సు టైమయిందని కోటిరత్నం కళ్ళు తుడుచుకుంటూనే చెప్పులేసుకుని మెట్లు దిగింది. "పొద్దున్నే బస్టాండుకొచ్చెయ్యవే!" అని కింద నుంచి ఒక కేక వేసింది.

మాధురి మాత్రం వెళ్ళలేదు. మాస్టారు కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించాడు.

"చూడమ్మా, ఇంటర్ దాకా చదివినదానివి. నీకు రాక కాదు. ఈ ఉద్యోగం లేకపోతే మీ శ్రీరమ్య బడి ఇంతటితో ఆగిపోద్దని, మిరపకాయ కోతలకి పంపిస్తారని మొన్న నువ్వే గదా చెప్పింది?"

"అవును సార్."

"మరి ఆ పిల్ల ముఖం చూసైనా ఒక్కసారి అనమ్మా. వెంకటనారాయణ ఈజ్ మై హస్బెండ్. హీ..."

మాధురి కళ్ళు మూసుకుంది. "వెంకటనారాయణ ఈజ్ మై హస్బెండ్." 'హీ' అనబోయి గాలి మింగింది. చివరికి వచ్చింది ఆ పేరే. "వెంకటనారాయణ..."

మాస్టారు నీరుగారిపోయాడు. ఇంత చక్కగా మాట్లాడే మనిషి రేపు ఇంటర్వ్యూ చేసే మేడం ముందు ఇట్లాగే నిలబడితే రెండో వాక్యానికే ఇంక వెళ్ళిరమ్మంటుంది. ఆమె ఉద్యోగంతో పాటు ఆ పిల్ల చదువూ అంతటితో సరి.

"ఉద్యోగం వస్తే గుంటూరులో హాయిగా ఉంటారు గదమ్మా తల్లీకూతుళ్ళు. నీకంటూ ఒక గది."

"ఆ గదికీ వస్తాడు సార్."

"రానీ, మొగుడేగా! ఆదివారం పూట వచ్చి చూసిపోతాడు." మాస్టారు నవ్వించాలని చూశాడు. ఆమె నవ్వలేదు. "ఆయన మీద నీకున్న ప్రేమ ఆ మేడంకేం తెలుసమ్మా? కనీసం రేపొక్కరోజు ఆ పేరు పక్కన పెట్టు. ఏం పోద్ది?"

మాధురి తలెత్తింది. కళ్ళలో నీళ్ళేం లేవు.

"మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తరుగుద్దంటారు గదండీ. ఏడాదిగా పలుకుతానే ఉన్నా సార్... నిన్న కూడా ఎప్పట్లాగే గట్టిగానే కొట్టాడు."