గోల్‌కీపర్ కావాలి

తల్లి చచ్చిపోతుంటే అష్రఫ్ ఫుట్‌బాల్ ఆడుకున్నాడు. తండ్రి సుభాని దృష్టిలో ఇందులో వాదనకు తావు లేదు.

ఆమె పోయిన కొన్నేళ్లకు, ఒక వేసవిలో బ్రాడీపేట టీకొట్టు దగ్గర క్లబ్బు జనం అరుచుకుంటున్నారు.

“ఫార్వర్డ్‌లు నలుగురున్నారు. గోల్‌కీపరేడిరా?”

“దాచేపల్లి ఫ్యాక్టరీ టీములోంచి అష్రఫ్‌ని లాక్కొద్దాం. బాబాయ్, కన్నతండ్రివి, నువ్వు పిలిస్తే వస్తాడు,” అన్నాడు కెప్టెన్ కోటి.

“తల్లి నోట్లో చివరి నీళ్లు పొయ్యనోడు నా గడప తొక్కడు,” అన్నాడు సుభాని.

“పిన్నే వాణ్ణి పంపేసింది బాబాయ్. చెబుదామంటే నువ్వెప్పుడు విన్నావు? ‘వాడు చూసి తట్టుకోలేడు, ఆటకు తీసుకుపో. మీ బాబాయ్ ఉన్నాడుగా, నీళ్లు ఆయన పోస్తాడు’ అని నాతో అంది.”

సుభాని గ్లాసు కింద పెట్టాడు. ఆ పూట కొడుకును ఈడ్చుకొద్దామని తానూ గ్రౌండుకు పోయాడు. తిరిగొచ్చేసరికి భార్య జైతున్ ప్రాణం పోయింది. నోరు తడిపినవాళ్లు లేరు.

“వాణ్ణి తెచ్చుకోండి,” అన్నాడు. “ఈ మాట మాత్రం నా ముందు ఇంకెప్పుడూ ఎత్తొద్దు.”