రాజుగారి మీసం

“ఆయన మూగాయనట. సైగ చేసి చెప్పు,” అన్నాడు శశికాంత్ కృష్ణప్రసాద్‌తో విసుగ్గా, మాటిమాటికీ అడ్డొస్తున్న ముసలాయన్ని చూపిస్తూ.

సింగపూర్ బెడోక్‌లో అపార్ట్‌మెంటు బ్లాకు కింద, శనివారం సాయంత్రం రిహార్సల్. వారమంతా వై2కే పనితో నలిగిపోయే సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఉగాదికి రాజుగారి నాటకం వేయాలని బుద్ధి పుట్టింది. డైలాగులు బట్టీ పట్టే ఓపిక ఎవరికుంది? అన్నీ ముందే క్యాసెట్లో రికార్డు చేశారు. స్టేజీ మీద పెదవులు కదిపి నటిస్తే చాలు.

రాజు వేషం కృష్ణప్రసాద్‌కి అదీ చేతకావడం లేదు. సింహాసనం ఎక్కమంటే, బస్సులో సీటు దొరికినట్టు కూలబడుతున్నాడు.

బెంచీ మీద కూర్చునే ఆ తొంభయ్యేళ్ళ సూర్యారావు మళ్ళీ లేచొచ్చి, అతని భుజాలు వెనక్కి నొక్కి, గడ్డం పైకెత్తాడు.

“అంకుల్, ప్లీజ్.” శశికాంత్ కూర్చోమని చెయ్యి ఊపాడు.

ముసలాయన నవ్వి, చేత్తోనే ఏదో జవాబిచ్చి వెళ్ళి కూర్చున్నాడు.

“మూగని నీకెవరు చెప్పారు?” అడిగాడు కృష్ణప్రసాద్.

“వాళ్ళమ్మాయి వీరమ్మ ఆంటీ. ఇక్కడే పుట్టినావిడ కదా, ఆవిడ తెలుగు నాకు సగమే అర్థమైందనుకో. ఆ ముక్క మాత్రం తెలిసింది.”

ఉగాది నాడు తెర లేచే వేళకి ఆఫీసులో సర్వర్ పడిపోయింది. కృష్ణప్రసాద్ రాలేదు.

“గొంతు క్యాసెట్లో ఉంది. మనిషే లేడు,” అంటూ శశికాంత్ తల పట్టుకున్నాడు.

ఎవరో చొక్కా లాగారు. సూర్యారావు. పట్టుపంచె కట్టి, మీసం అతికించుకుని వచ్చాడు. సింహాసనం చూపించి, తన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

ఉన్న తలనొప్పి చాలదా అనుకుని, శశికాంత్ వద్దని చేతులు జోడించాడు. నాటకం మానేశారు. జనం పులిహోర తిని ఇళ్ళకి పోయారు.

పై శనివారం బెంచీ ఖాళీగా ఉంది. లిఫ్టు దగ్గర వీరమ్మ కనబడింది.

“మంగళవారం నిద్దట్లోనే పోయాడు తంబీ. అప్పటిదాకా ఆ మీసం తియ్యనివ్వలేదు.”

శశికాంత్‌కి సిగ్గేసింది. “ఏమనుకున్నారో ఆంటీ. మూగాయన రాజు వేషం వేస్తే జనం నవ్వుతారని...”

“మూగ ఎవరు? ఇంట్లో నోరు మూస్తేగా.”

“మీరే కదా చెప్పారు?”

“మూకీ అన్నాను. మూగ అనలేదు.” వీరమ్మ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. “నువ్వు సైగ చేస్తే ఆయనా సైగే చేశాడు. తన భాష తెలిసినోళ్ళు ఇన్నాళ్ళకి దొరికారని ఎంత మురిసిపోయాడో.”

“మూకీ అంటే...”

“మాటల్లేని సినిమా తంబీ. బొమ్మలకి మాటలొచ్చాక వేషాల్లేక ఓడెక్కి ఇక్కడికొచ్చేశాడు. అంతకుముందు మద్రాసు బొమ్మల్లో రాజంటే మా నాయనే.”