గడప లేని ఇల్లు

“రాజీ గడప తీసేపిచ్చిందంట అక్కా!” వస్తూనే చెప్పింది పక్కింటి సంధ్య. “మెట్లు గూడ పలగ్గొట్టిచ్చి, నున్నగ వాలు పోయించిందట. స్కూటీ లోపలికి ఎక్కియ్యతందుకేమో.”

చిక్కుడుకాయలు తుంచుతున్న ప్రేమలత చెయ్యి ఆగింది. పసుపు రాసి బొట్లు పెట్టుకునే గడపను పీకించుకున్న ఆడదాన్ని నర్మెట్టలో ఆమె ఇంతవరకు చూడలేదు.

“పని ఎవలు చేస్తున్నరు?”

సంధ్య నీళ్ళు నమిలింది. “నారాయణన్ననే గదక్కా. నీకు చెప్పలే?”

చెప్పలేదు. వారంనుంచి మొగుడు ఎక్కడ పనంటే జనగామ అంటున్నాడు. తీరా చూస్తే రెండు వీధుల అవతల, రాజీ ఇంట్లో! రాజీ మొగుడేమో భూపాలపల్లి గనుల్లో పని, ఇంటికొచ్చేది ఆదివారాలే.

రాజీ, ప్రేమలత కలిసి పెరిగినవాళ్ళే. చిన్నప్పటినుంచీ ఇంతే. అందం దానిదే, నవ్వు దానిదే. వాడకట్టు ఆడవాళ్ళంతా ముచ్చట్లకు చేరేదీ దాని వంటింట్లోనే. తను మాత్రం వాకిట్లోంచే పలకరించి వచ్చేసేది. ఇప్పుడు ఉన్న ఒక్క మొగుణ్నీ దానికే ధారపోయాలా?

చిక్కుడుకాయలు పక్కన పడేసి బయల్దేరింది. సంధ్య వెనకనుంచి పిలుస్తున్నా వినలేదు. దారిలో ఎవరో పలకరించినా చూడలేదు. రాజీ ఇల్లు రాగానే అదే ఊపులో వంటింట్లోకి దూసుకుపోయింది.

రాజీ చాయ్ వడబోస్తోంది. దొడ్డి తలుపు దగ్గర తాపీ పట్టుకుని నారాయణ.

“పనంటే గిదేనా? జనగామంటే గిదేనా?” ప్రేమలత అరిచింది. “నా మొగుడే దొరికిండానే నీకు?”

నారాయణ నేల చూపులు చూశాడు. “రాజక్కనే చెప్పొద్దన్నది. చెప్తే నువ్వు వద్దని లొల్లి పెడ్తవని...”

“పెట్టనా మరి?”

రాజీకి కోపం రాలేదు. చాయ్ గిన్నె దించి, తడిసిన కళ్ళతో ప్రేమలతను ఎగాదిగా చూసింది.

“లోపలికెట్ల వచ్చినవే?”

“తలుపు తీసుంటే వచ్చిన!”

“ఎవలన్న తోల్కొచ్చిన్రా?”

“ఎవలెందుకు? నేనొక్కదాన్నే వచ్చిన!”

“మరి పదేండ్లసంది ఎందుకు రాలేదే?”

ప్రేమలత వెనక్కి తిరిగి వాకిలి దాకా చూసింది. మెట్లూ గడపా ఉండాల్సిన చోట నున్నటి వాలు.

ఆమె రెండు చేతులూ ఇంకా తన చక్రాల కుర్చీ చక్రాల మీదే ఉన్నాయి.