తేదీ లేని రాతలు

పాస్‌వర్డ్ తప్పని మళ్లీ వచ్చింది.

గుర్తున్నవన్నీ కొట్టి చూసింది. అమ్మ పేరు, అక్క పేరు, హాస్టల్ గది నంబరు, చివరికి హాస్టల్ మెట్ల మీద తిరిగే పిల్లికి పెట్టిన పేరు కూడా. ఏదీ పట్టలేదు. మర్చిపోయారా అని అడిగింది బ్లాగు. అవునంటే ఫోనుకి కోడ్ పంపుతానంది. పంపింది కూడా, ఎప్పుడో వదిలేసిన నంబరుకి. అదిప్పుడు ఏ మహానుభావుడి జేబులో ఉందో అని ఫోన్ చేస్తే, ఆయన ఎవరో మోసగాళ్లనుకుని చెడామడా తిట్టి పెట్టేశాడు.

తన ఇంటికి తనే తాళం వేసుకుని, తాళంచెవి నూతిలో పారేసుకున్నట్టుంది.

రాసినప్పుడు ఎంత జాగ్రత్తపడిందో! పేరు లేదు, ఊరు లేదు, ఒక్క ఫొటో లేదు. ల్యాబ్ పేరు అడవి. గైడ్ పులి. పీహెచ్‌డీ చేసేవాళ్లంతా కుందేళ్లు. సెమినార్ ఎప్పుడయిందో, ఎవరు ఏ రోజు సెలవు పెట్టారో పోల్చి చూసుకుని పట్టేస్తారని, తేదీలు కూడా కనబడకుండా చేసింది. రాసినవి మాత్రం అన్నీ జరిగినవే. డ్రాఫ్టు తిప్పి చూడకుండానే పులి విసిరికొట్టడం, పిలిచి గంటలకొద్దీ నిలబెట్టడం, పదిమందిలో పురుగుని చూసినట్టు చూడటం. ఆ నాలుగు ముక్కలూ రాసుకోకపోతే పిచ్చెక్కేది.

అన్నాళ్లూ ఎవరి కంటా పడని బ్లాగు మొన్న ఎవరికో దొరికింది. నిన్నటికి డిపార్ట్‌మెంటంతా పాకింది. ఈ పొద్దున కారిడార్‌లో ముగ్గురు ఒకే ఫోను మీద పడి చదువుకుంటూ, ఆమెని చూడగానే చప్పున దాచేశారు. తనేనని తెలిసిపోయిందేమోనని గబగబా అక్కణ్నుంచి వచ్చేసింది.

అక్కకి ఫోన్ చేసింది. ఈ సంగతి తెలిసిన మనిషి లోకంలో అక్క ఒక్కతే.

“నోరు మూసుకుని కూర్చోవే. నువ్వని ఎవరికి తెలుసు? నాలుగు రోజులు పోతే వాళ్లే మర్చిపోతారు,” అంది అక్క.

“ఆ కిటికీ పక్క పిల్ల మీద పడ్డారక్కా.”



ల్యాబ్‌లో కిటికీ పక్కన కూర్చునే ఆ అమ్మాయికి నోట్లో నాలుకే లేదు. కానీ బ్లాగులో ఒకచోట, నాన్న ఆపరేషన్‌కి సెలవడిగిన కుందేలుతో పులి అంటుంది, “ఆపరేషన్ చేసేది డాక్టరు, నువ్వెళ్లి ఏం చేస్తావ్?” అని. పోయిన వారమే ఆ అమ్మాయి తల్లికి ఆపరేషనైంది. సెలవడిగితే దొరికిన జవాబు అక్షరం పొల్లుపోకుండా ఇదే. ఇక వేరే రుజువెందుకు? దొరక్కుండా ఉండటానికి అమ్మని నాన్నగా మార్చి రాసిందన్నారు.

భోజనాల వేళ హెడ్ పిలిపించారు. నెరిసిన జుట్టాయన, చిన్నా పెద్దా లేకుండా అందర్నీ అమ్మా, నాయనా అంటారు. బ్లాగు యాజమాన్యం దాకా వెళ్లిందట. రాసినవాళ్ల రిజిస్ట్రేషన్ సాయంత్రంలోగా రద్దు కావాలన్నారట. అంటే ఇన్నేళ్ల చదువూ మట్టికొట్టుకుపోయినట్టే.

“ల్యాబ్ సంగతి నీకంటే ఎవరికి తెలుసమ్మా? ఆ పిల్లేనంటావా?” అన్నారాయన.

కాదంటే మరెవరంటారు. అవునంటే ఒక బతుకు బుగ్గి. ఆలోచించి చెప్తానని పారిపోయి వచ్చి, బాత్రూమ్‌లో గడియ పెట్టుకుంది.

అక్కడే నిలబడి బ్లాగు మొదటినుంచీ చదివింది. పులి మీద ఒళ్లు మండుతుందనుకుంది. సిగ్గుతో చచ్చిపోయింది. ప్రతి మాటా ఇవాళ పొద్దున జరిగినట్టే ఉంది. ఎలా చెరపాలి దీన్ని? ఎవరి కాళ్లు పట్టుకోవాలి? మరోసారి పాస్‌వర్డ్ కొట్టింది. అదీ తప్పే.

గోడ అవతల ఎవరో కుళాయి విప్పారు. నీళ్లు ఆగకుండా పడుతూనే ఉన్నాయి. ఏడుపు బయటికి వినబడకుండా కుందేళ్లు చేసే పని అది. ఆ కిటుకు కూడా ఆమె బ్లాగులో రాసింది. అవతల ఎవరున్నారో తొంగి చూడక్కర్లేకపోయింది. ఇక తట్టుకోలేకపోయింది.

ఆమె కళ్లు తుడుచుకుని హెడ్ గదికి చేరేసరికి ఆ అమ్మాయి అప్పటికే బల్ల ముందు నిలబడి ఉంది. మొహం కడుక్కున్నా కళ్లు వాచే ఉన్నాయి.

“నేను రాయలేదు సార్,” అంటోంది. “కానీ చదివాక, హమ్మయ్య, నేనొక్కదాన్నే కాదులే అనిపించింది.”

హెడ్ నిట్టూర్చి పెన్ను మూత తీశారు.

“రాసింది నేను,” అంది ఆమె.

పెన్ను ఆగిపోయింది. ఇక దాచేదేముంది? ఏ హాస్టల్ గదిలో కూర్చుని రాసిందో, తేదీలెందుకు తీసేసిందో, ఆ పులి రిటైరై ఎన్నేళ్లయిందో, గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. చెబుతుంటే గుండెల మీద బరువు దిగిపోతున్నట్టే అనిపించింది. హెడ్ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు.

కిటికీ పక్క అమ్మాయి మాత్రం, నాలుగేళ్లుగా తన థీసిస్‌కి గైడ్‌గా ఉన్న ఆమె వంక అయోమయంగా చూస్తూ అడిగింది, “అయితే అందులో పులి మీరు కాదా, మేడమ్?”