కొండచెరువులో పడిన పువ్వు

మావ కొనిచ్చిన తెల్లచామంతి మింగళాడోన్ ఊరి అవతలి కొండచెరువులో పడింది. నేను రెండు చేతులతో మొహం కప్పుకున్నాను.

పెళ్లై మావ వెంట బర్మా దేశం, రంగూన్‌కి, మావాళ్లు రంగం అనే ఊరికి వచ్చి మూడు నెలలు. రేవు పని నుంచి వచ్చి “అన్నం”, “నీళ్లు” అనడం తప్ప మావ నాతో మాట్లాడింది లేదు. అలాంటిది ఆ పూట కంగారుపడిపోయాడు.

“ఏటే చిన్నమ్మీ, ఏడుస్తన్నావా? ఈ నీళ్లే గొట్టాల్లోంచి మన రంగం వస్తాయి. రేపు నీ పువ్వు మన కుళాయిలో దిగుతాది, సూడు.”

“అంత సన్నగొట్టంలోనా?”

“ముడుసుకుని వస్తాది!”

మర్నాడు పొద్దున్న కుళాయి కింద బిందె పెట్టి, పొయ్యి ఎగదోసి వచ్చాను. బిందెలో పసుపుపచ్చ చామంతి తేలుతోంది. గుమ్మం చాటున మావ ఎటో చూస్తున్నాడు.

“వచ్చింది మావా! కానీ తెల్లది పసుపెక్కిపోయిందేటి?”

మావ బుర్ర గోక్కున్నాడు. “గొట్టాలు తుప్పు పట్టాయే!”

ఇద్దరికీ నవ్వు ఆగలేదు. ఇప్పుడు అన్నం చల్లారిపోతున్నా మావ కబుర్లు ఆగవు.

“గంగమ్మ తల్లీ, మావ చేత నాలుగు మాటలు పలికించు” అని మొక్కుకుని, ఆ తెల్లచామంతిని నేనే నీళ్లలో వదిలానని మాత్రం ఇంకా చెప్పలేదు.